మతపాఠశాలలయందు పౌరధర్మబోధ: బుద్ధుని సూత్రములను గూర్చి యొక విచారము

తన మతమును ప్రేమించుట గుణము. తన మతమువారిని మాత్రమే తనవారిగా నెంచుట దోషము. ఆ గుణము ఎక్కడ ముగియునో, ఈ దోషము ఎక్కడ మొదలగునో పెద్దలకే సులభముగా తెలియదు. అట్టియెడ బాలురకు దానిని తెలుపు భారము ఎవరిది? తల్లిదండ్రులది కొంత, ప్రభుత్వమువారిది కొంత. కాని యొక మతమువారు తమ పిల్లలకై తామే పాఠశాలను నెలకొల్పుకొనినప్పుడు ఆ భారములో పెద్దపాలు ఆ పాఠశాలమీదనే పడుచున్నది. ఈ విషయమును గూర్చి మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. మా యాలోచనకు కారణమైన చిన్న సంగతిని మొదట మనవి చేసెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట నవంబరు 26వ తేదీన, అనగా రాజ్యాంగ దినోత్సవమునాడు, గోదావరికి సమీపముననున్న యొక మతపాఠశాలవారు పౌరధర్మములను గూర్చి ప్రసంగింపుమని మమ్ము పిలిచిరి. అది ఏ మతమువారి పాఠశాలయో చెప్పుట అనవసరము. మఱియొక మతమువారి పాఠశాలకు పోయినను మేమిదియే చూచియుందుము. బాలురు రాజ్యాంగ పీఠికను తప్పులేక వల్లించిరి. న్యాయము, స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము అను మాటలకు అర్థములు అడిగితిమి, అవియును వల్లించిరి. పిమ్మట, "మీ వీధిలోనే యుండి వేఱొక మతపు పాఠశాలకు పోవు పిల్లల పేర్లు చెప్పగలరా?" అని యడిగితిమి. ఎవ్వరును మాటాడలేదు. కొంతసేపటికి పదేండ్ల బాలుడొకడు లేచి వినయముగా, "వారు మావారు కారండీ" అనెను. వాని స్వరమున ద్వేషమేమియు లేదు. ఎండ కాయును, వాన కురియును అని చెప్పినంత సహజముగా చెప్పెను. ఉపాధ్యాయులు నవ్విరి, మేమును నవ్వితిమి. ప్రసంగము ముగించి పూలదండ పుచ్చుకొని యింటికి వచ్చితిమి. ఆ రాత్రి గాని మా తప్పు మాకు తెలియలేదు. ఆ పాఠశాలలో ఆనాడు పలుకబడిన మాటలలో సత్యమైనది ఆ బాలుని మాట యొక్కటియే. దానికి బదులు చెప్పవలసినవారము నవ్వి వచ్చితిమి.

బదులేమి చెప్పియుండవలసినది? "అందఱును నీవారే" యని యొక మాట అనియుండవచ్చును. అట్టి మాటలు వాడు వేయిసార్లు వినియున్నాడు. పీఠికతోపాటు దానినిగూడ వల్లింపగలడు. వానికి కావలసినది మఱియొక నీతివాక్యము కాదు. వేఱు మతమువానితో కూర్చుండి మాటాడుటకు, అడుగుటకు, వినుటకు, ఒప్పుకొనలేనప్పుడును స్నేహము చెడకుండ లేచిపోవుటకు నేర్పెడి యభ్యాసము. అట్టి యభ్యాసమునకు బుద్ధుని బోధలో మిక్కిలి యనువైన సూత్రములు కలవనియు, వానిని ఏ మతపాఠశాలయైనను తన మతమును విడువకయే స్వీకరింపవచ్చుననియు మా యభిప్రాయము.

న్యాయవాదులము గనుక మొదట శాసనము సంగతి చూతము. మన రాజ్యాంగమందలి 28వ అధికరణము ప్రకారము పూర్తిగా ప్రభుత్వధనముతోనే నడచు విద్యాలయమున మతబోధ కూడదు. ప్రభుత్వపు గుర్తింపు గాని సహాయధనము గాని పొందు విద్యాలయమున మతబోధ జరిగినను, సమ్మతి లేక యెవ్వరిని అందు పాల్గొనుమని నిర్బంధింపరాదు. బాలుడు మైనరైనయెడల ఆ సమ్మతి సంరక్షకునిది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను తామే స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. ఈ స్వాతంత్ర్యము అల్పమైనది కాదు. నిజాము రాజ్యమున ఖానగీ పాఠశాల పెట్టుటకు సర్కారు అనుమతికై కాచుకొనవలసిన దినములను గూర్చి పెద్దలు చెప్పగా వినియున్నాము. కావున మతపాఠశాలల స్వాతంత్ర్యమును తగ్గింపవలయునని కోరువారితో మేము కలియము.

అయినను మతబోధ వేఱు, మతములను గూర్చిన బోధ వేఱు. ఈ భేదమును 1964-66 నాటి కొఠారీ విద్యాసంఘమువారు స్పష్టముగా చూపిరి. గురునానకుని జీవితమును బోధలను విద్యావిషయముగా పరిశీలించుట మతబోధ కాదని సుప్రీము కోర్టువారు 1971లో డి.ఏ.వి. కళాశాల వ్యాజ్యెమున తీర్పు చెప్పిరి. 2002లో అరుణారాయ్ వ్యాజ్యెమునందును సర్వమతములలోని విలువలను గూర్చి విద్యార్థులకు తెలుపుట రాజ్యాంగవిరుద్ధము కాదనిరి. కావున ఈ కార్యమునకు శాసనము అడ్డము రాదు. అట్లని శాసనముచేత బలవంతముగా చేయింపవలయునని మేము కోరము. బలవంతముగా నేర్పిన సహనము సహనము కానేరదు. మేము విన్నవించుకొనునది ఆయా పాఠశాలలను నడుపు పెద్దల మనస్సాక్షికే.

"మా గ్రంథములలో లేని నీతి బుద్ధునియొద్ద ఏమున్నది? ఆ పరదేశి బోధ మాకేల?" అని కొందఱు అడుగవచ్చును. మొదటి ప్రశ్నకు తరువాత బదులు చెప్పెదము. రెండవదానికి ఇప్పుడే చెప్పవచ్చును: కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు బుద్ధుడు పరదేశి కాడు. 2016లో ఈ రెండు జిల్లాలును విభజింపబడి పెక్కు జిల్లాలైనవి గాని నేల మాఱలేదు. నేటి పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టయందు మట్టికోటయు, దాని చేరువ బౌద్ధస్తూపమును కలవు. 1970 దశకమున పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ముచిలిందనాగుని శిల్పము గల శిలాఫలకము అచ్చట దొరకినది. జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డుననున్న కోటిలింగాలయందు శాతవాహన రాజ్యారంభకుడైన సిముకుని పేరిటి నాణెములు లభించినవి. నిర్మల్ జిల్లాలో ఖానాపురము చేరువ గోదావరి నడుమనున్న బాదనకుర్తిని బావరి నివాసస్థలమని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఆ బావరి కథనే మేమిప్పుడు చెప్పబోవుచున్నాము.

పాళీభాషయందలి సుత్తనిపాతములో పారాయణవర్గమని చివరి భాగమొకటి కలదు. బావరి యను వృద్ధబ్రాహ్మణుడు కోసలదేశమునుండి దక్షిణమునకు వచ్చి, అస్సకదేశమున గోదావరీతీరమందు ఆశ్రమము కట్టుకొని, శిష్యులకు వేదమంత్రములను నేర్పుచుండెనని అందు చెప్పబడినది. ఆయన యజ్ఞము చేసి సర్వమును దానమిచ్చిన పిమ్మట మఱియొక బ్రాహ్మణుడు వచ్చి అయిదువందల నాణెములు అడిగెను. లేవనగా, "ఏడవనాటికి నీ తల ఏడు వ్రక్కలగును" అని శపించెను. బావరి దిగులుపడి అన్నము మానెను. అప్పుడొక దేవత కనబడి, "ఆ బ్రాహ్మణునికి తల యననేమో తెలియదు, అది వ్రక్కలగుట యననేమో తెలియదు, అది తెలిసినవాడు బుద్ధుడు" అని చెప్పెను. అంతట బావరి అజితుడు, తిష్యమైత్రేయుడు, పింగియుడు మొదలైన తన పదియాఱుగురు శిష్యులను ఉత్తరదేశమునకు పంపెను. వారు ప్రతిష్ఠానము, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి మొదలగు నగరములను దాటి, మగధకు పోయి, బుద్ధుని దర్శించి, ఒక్కొక్కరు తమ ప్రశ్నలను అడిగిరి. తల యనగా అవిద్యయనియు, దానిని వ్రక్కలు చేయునది జ్ఞానమనియు బుద్ధుడు చెప్పెను. ముదుసలియైన పింగియుడు తిరిగి గోదావరీతీరమునకు వచ్చి తాను చూచినదానిని, విన్నదానిని గురువునకు విన్నవించెను.

చదువరులారా, ఈ కథలో గురుకులమును నడుపుచున్నది ఎవరో గమనింపుడు. బావరి బౌద్ధుడు కాడు. వేదాధ్యయనము చేయించు బ్రాహ్మణుడు. ఆయన ఆశ్రమము నేటి మాటలలో మతపాఠశాలయే. ఆ పాఠశాలాధిపతి తన శిష్యులతో, "పరుని మాట వినకుడు, చెడిపోవుదురు" అని చెప్పలేదు. వారికి ప్రశ్నలిచ్చి, దారిబత్తెమిచ్చి, తనకు తెలియనిది తెలిసినవాడున్నాడేమో చూచిరండని పంపెను. మన గోదావరి యొడ్డున నుండిన యీ యుపాధ్యాయుని ధైర్యములో పదియవవంతు మన పాఠశాలాధిపతులకున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును.

ఇక్కడ నొక కఠినమైన ఆక్షేపణ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. "ఆ పదియాఱుగురును తుదకు బుద్ధుని శిష్యులైరి గదా! బావరి తన శిష్యులను పోగొట్టుకొనెను గదా! మా పిల్లలనుగూడ అట్లే పోగొట్టుకొనుమందురా?" అని మతపాఠశాలవారు అడుగుదురు. ఇది వట్టి వాదము కాదు, భయము. తల్లిదండ్రులు ఆ పాఠశాలకు పిల్లలను పంపుటయే తమ మతము నిలుచుటకై. ఆ నమ్మకమును వమ్ముచేయుట ఉపాధ్యాయునకు ధర్మము కాదు. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయజాలము. కాని రెండు సంగతులు మనవి చేసెదము. మొదటిది: పింగియుడు తిరిగివచ్చెను. తనకు తెలిసిన క్రొత్తవిషయమును మొదట తన గురువునకే చెప్పవలెనని వచ్చెను. అడుగనిచ్చిన గురువునెడ శిష్యునకు భక్తి తగ్గలేదు. రెండవది: తలుపులు మూసి కాపాడిన విశ్వాసము తలుపు తెఱచిననాడు నిలువదు, ఆ తలుపు నేడు ప్రతి బాలుని చేతిలోని ఫోనునందే తెఱచియున్నది. పిల్లవాడు ఎట్లును పరుని మాట వినును. ద్వేషించువాని నోట వినుటయా, తన యుపాధ్యాయుని సమక్షమున మర్యాదతో వినుటయా అనునదే మన చేతిలోనున్నది.

ఆ కథలోని శాపమునుగూడ ఆలోచింపుడు. అడిగిన ధనమీయకున్న తల పగులునని చెప్పినవాడు భయముతో ధర్మమును నడుపజూచెను. ఏ మతమునందైనను బాలురను లొంగదీయుటకు ఇది సులభమైన ఉపాయము: ఇది చేసితివా నరకము, అది అడిగితివా పాపము. బుద్ధుడు ఆ శాపమునకు ప్రతిశాపమీయలేదు. ఆ మాటకు అర్థము చెప్పెను. భయమున్నచోట అర్థమును పెట్టుట పౌరధర్మమునకు మొదటి పాఠము. భయపడి చట్టమునకు లోబడువాడు పోలీసువాడు కనబడనప్పుడు చట్టమును మీఱును. అర్థము తెలిసి లోబడువాడు ఒంటరిగా నున్నప్పుడును మీఱడు.

ఇప్పుడు, మతపాఠశాలలో చెప్పదగిన సూత్రములెవ్వియో చూతము. అనేకములలో మేము కొన్నిటినే యెన్నుకొనుచున్నాము.

మొదటిది పరీక్ష. కేసపుత్తమను గ్రామమున కాలాములను ప్రజలు బుద్ధునితో, "ఇక్కడికి పలువురు బోధకులు వత్తురు, ప్రతివాడును తన మతమును పొగడి పరమతమును దూషించును, మేమెవరిని నమ్మవలెను?" అని మొఱపెట్టుకొనిరి. వినికిడి మాత్రముచేతగాని, పరంపర మాత్రముచేతగాని, గ్రంథమున నున్నదని గాని, చెప్పినవాడు గురువని గాని నమ్మవద్దనియు, ఆ బోధ లోభమును ద్వేషమును మోహమును పెంచునా తగ్గించునా, విజ్ఞులు దానిని మెత్తురా నిందింతురా యని తామే పరీక్షింపవలెననియు ఆయన భావము. ఇది విశ్వాసమును చెఱచునని కొందఱు శంకింతురు. మా వృత్తిలో ఎదురుప్రశ్నను ప్రతిదినము చూచుచున్నాము. ఎదురుప్రశ్నవలన అబద్ధపు సాక్ష్యము చెడును గాని నిజమైన సాక్ష్యము బలపడును. తన మతము సత్యమని నమ్మినవాడు ఎదురుప్రశ్నకేల జంకవలెను? 1976లో మన రాజ్యాంగమున చేర్చబడిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును, పరిశీలనాబుద్ధిని పెంపొందించుకొనుట యొకటి. వదంతివలన ఊళ్లు మండుచున్న ఈ కాలమున, ఫోనులో వచ్చిన వార్తను నలుగురికి పంపుటకు ముందు, "ఇది ద్వేషమును పెంచునా?" అని తన్ను తానడుగు బాలునికంటె ఉత్తమ పౌరుడెవడు?

రెండవది పరుల ధర్మమునెడ గౌరవము. ఉపాలి యను గృహస్థుడు నిగ్రంథుల, అనగా జైనుల, భక్తుడు. అతడు బుద్ధునితో వాదింపవచ్చి, తుదకు ఆయన శిష్యుడగుదుననెను. బుద్ధుడు తొందరపడవద్దనియు, బాగుగా ఆలోచించుకొమ్మనియు చెప్పెను. అంతేకాక, ఇంతకాలము నీ యింట భిక్షగొన్న నిగ్రంథులకు ఇకముందును భిక్ష పెట్టుచుండుమనెను. తన పక్షమునకు వచ్చినవానికి పూర్వపక్షమువారిని ఆదరింపుమని చెప్పిన బోధకుడెంత యరుదు! అశోకచక్రవర్తి పండ్రెండవ శిలాశాసనమున ఇదియే చెప్పెను: తన మతమును పొగడి పరమతమును నిందించువాడు తన మతమునకే హానిచేయును. ఈ శాసనమును చూచుటకు తెలుగువారు దూరము పోనక్కఱలేదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ఆయన శాసనములు కలవు.

మూడవది పరస్పర విధులు. రాజగృహమున సిగాలుడను యువకుడు తండ్రి చెప్పిపోయినాడని ప్రతి ప్రాతఃకాలమున ఆఱు దిక్కులకు మ్రొక్కుచుండెను. బుద్ధుడు ఆ మ్రొక్కును మానుమనలేదు. దానికి క్రొత్త యర్థము చెప్పెను. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణము గురువులు, పడమర ఆలుబిడ్డలు, ఉత్తరము మిత్రులు, క్రిందిదిక్కు పనివారు, పైదిక్కు శ్రమణబ్రాహ్మణులు. ప్రతి దిక్కునందును విధి యొకవైపుననే లేదు. శిష్యుడు గురువును సేవించిన, గురువు తనకు తెలిసిన విద్యను దాచక చెప్పవలెను. పనివాడు నమ్మకముగా పనిచేసిన, యజమాని వాని శక్తికి తగిన పని, తగిన కూలి, జబ్బుపడినప్పుడు ఆదరణ, విశ్రాంతి యీయవలెను. సిరిసిల్లలో మగ్గము నడుపు తండ్రిగల బాలుడు, గోదావరిఖనిలో బొగ్గుగనికి పోవు తండ్రిగల బాలుడు, ఇంట బీడీలు చుట్టు తల్లిగల బాలిక ఈ పాఠమును విన్నచో పౌరధర్మము తమ యింటి సంగతియే యని తెలిసికొందురు. పాతమ్రొక్కును చెఱపక దానిలో క్రొత్త బాధ్యతను నింపిన యీ పద్ధతియే మతపాఠశాలలకు తగినది.

నాలుగవది సభామర్యాద. భిక్షుసంఘమున ఒక తీర్మానము చేయవలసినప్పుడు దానిని సభయెదుట విన్నవించి, అభ్యంతరమున్నవారిని మాటాడుమని యడిగి, అభిప్రాయభేదము తెగనియెడ శలాకలనెడి పుల్లలు పంచి వానిచేత సమ్మతిని లెక్కించెడి నియమము వినయపిటకమున కలదు. డాక్టరు అంబేద్కరు 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన ప్రసంగమున ఈ సంగతినే జ్ఞాపకముచేసి, ప్రజాస్వామ్యపు సభానియమములు భారతదేశమునకు క్రొత్తవి కావని చెప్పెను. బాలురు వారమునకొకసారి ఇట్టి సభ కూర్చి, ఆటస్థలము, త్రాగునీరు, మధ్యాహ్నభోజనము మొదలగు తమ వ్యవహారములను తామే తీర్మానించుకొందురుగాక. ఓడిపోయిన పక్షమువాడు అలుగక కూర్చుండుట నేర్చిన, గెలిచిన పక్షమువాడు వెక్కిరింపకుండుట నేర్చిన, పౌరశాస్త్రమున సగము నేర్చినట్లే.

అయిదవది వివాదశాంతి. రోహిణీనది నీటికై శాక్యులును కోలియులును కత్తులు దూయగా బుద్ధుడు నడుమ నిలిచి, నీటి వెల యెంత, మనుష్యుల నెత్తురు వెల యెంత యని యడిగినట్లు కథ కలదు. శ్రీరాంసాగరము కాలువక్రింద మొదటి పొలములవారికిని చివరి యాయకట్టువారికిని జరుగు తగవులను ఎఱిగిన మాకు ఈ కథ పురాణముగా తోచదు. ఒక తూము తలుపుకై అన్నదమ్ములు కోర్టుకెక్కి, పొలము విలువకు మించి వ్యాజ్యెమునకు వ్యయము చేసికొనుట చూచితిమి. వకీళ్లమైన మేము ఇట్లనుట మా కూటికే చేటని మిత్రులు నవ్వుదురు, నవ్వనిండు.

వీనికి తోడుగా భాషను గూర్చి యొకమాట. బుద్ధుని వచనములను ఛందోబద్ధమైన పండితభాషలోనికి మార్చెదమని యిద్దఱు భిక్షువులు అడుగగా ఆయన నిరాకరించెనని వినయపిటకము చెప్పుచున్నది. ప్రజలు తమతమ భాషలలోనే ధర్మమును నేర్చుకొనవలెనని ఆయన తాత్పర్యమని పలువురు గ్రహించిరి. ఆదిలాబాదు సీమలో 1940 దశకమున హైమెన్‌డార్ఫు అను పండితుని పూనికతో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము పెట్టి, గోండీభాషలో వాచకములు చేయించిరి. పౌరధర్మమునుగూడ గోండుబాలునకు గోండీలోను, ఉర్దూబాలునకు ఉర్దూలోను, తెలుగుబాలునకు తెలుగులోను చెప్పిననే అది వాని మనస్సున నాటును.

"ఇవన్నియు మా గ్రంథములలోనే యున్నవి, బుద్ధుని పేరెందులకు?" అను మొదటి ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పెదము. ఉన్నచో తప్పక తెచ్చి చెప్పుడు. ఉపనిషత్తు, ఖురాను, బైబిలు, గ్రంథసాహెబు, వేమన, అందఱికిని ఈ సభలో పీట కలదు. కాని బుద్ధుని బోధలో నొక విశేషము కలదు. పరలోకమును గూర్చియు, జగత్కర్తను గూర్చియు ముందు ఏకాభిప్రాయము కుదిరిన గాని మంచిగా నడచుకొనరాదని ఆయన చెప్పలేదు. కావున దైవమును గూర్చి భిన్నముగా తలంచువారు కూడ ఆయన సూత్రములను నడవడికి కొలబద్దగా వాడుకొనవచ్చును. మఱియు మా సీమలోని పెక్కు మతపాఠశాలలలో బౌద్ధము ఏ పక్షమువారిదియు కాదు. పరిచితుడైన ప్రత్యర్థి మాటకంటె మధ్యస్థుని మాట వినుట సులభము.

అయితే బౌద్ధమను పేరు పెట్టినంతమాత్రమున కార్యము పవిత్రము కాదు. సింహళద్వీపమున 1972 నాటి రాజ్యాంగము బౌద్ధమునకు అగ్రస్థానమిచ్చినది. అట్లైనను 1983 మొదలు 2009 వఱకు ఆ దేశము అంతర్యుద్ధమున నలిగిపోయినది. బర్మాలో 2017లో ఏడులక్షలకు పైగా రోహింగ్యాలు ఇండ్లువిడిచి బంగ్లాదేశమునకు పాఱిపోవలసివచ్చినది. అక్కడ ద్వేషమును రేపినవారిలో కాషాయము ధరించిన భిక్షువులును ఉండిరి. బుద్ధునే గద్దెనెక్కించి యితరులను క్రిందికి నెట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది. కావున మేము కోరునది బౌద్ధమతమునకు పెద్దపీట వేయుట కాదు. ఈ సూత్రములచేత ప్రతిమతమువాడును మొదట తన్ను తాను పరీక్షించుకొనవలెననుటయే. బౌద్ధపాఠశాల యున్నచో అదియును ఇతర మతముల సజ్జనుల బోధను ఇట్లే స్వీకరింపవలెను.

మఱియొక దోషమునుగూడ తప్పించుకొనవలెను. మహారాష్ట్ర సరిహద్దుననున్న ఆదిలాబాదు సీమలో అంబేద్కరు చూపిన త్రోవన బౌద్ధమును స్వీకరించిన కుటుంబములు కలవు. 1956 అక్టోబరు 14న నాగపురమున జరిగిన దీక్ష వారికి పాత చరిత్ర కాదు. తమ తాతలు తలయెత్తుకొన్న దినము. మనకు బుద్ధుడు మ్యూజియములోని శిల్పము, వారికి జీవించు ధర్మము. వారి ధర్మమునుండి శాంతి, దయ, ధ్యానము అను మెత్తని మాటలను మాత్రము తీసికొని, కులనిరసనమును విడిచిపెట్టినచో అది దొంగతనమగును. మంగలియైన ఉపాలిని శాక్యరాజకుమారులకంటె ముందు సంఘమున చేర్చి, వారిచేత వానికి నమస్కరింపజేసిన కథను చెప్పక బుద్ధుని బోధ చెప్పితిమనరాదు. హైదరాబాదులో అంటరానివారనబడిన పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డివర్మ (1888-1939) బుద్ధజయంతిని జరిపినది అలంకారమునకు కాదు. భోజనపు బంతిలో ఒక పిల్లవానిని దూరముగా కూర్చుండబెట్టు పాఠశాల ఈ పాఠములను నల్లబల్లపై వ్రాయకుండుటయే మేలు. పిల్లలు నల్లబల్లను కాదు, బంతిని చూచి నేర్చుకొందురు.

కావున మా సూచనలు కొద్దివి. ఈ పాఠము పూజగాను ప్రార్థనగాను ఉండరాదు. ఇది యెవరి బోధయో దాచక చెప్పవలెను. తల్లిదండ్రులకు ముందుగా తెలిపి, వారి సందేహములకు బదులు చెప్పవలెను. మార్కులు పెట్టి పరీక్ష చేయరాదు. కరుణకు మార్కులు పెట్టిన పిల్లవాడు నటన నేర్చును. అన్నిటికంటె ముఖ్యముగా, సంవత్సరమునకు కొన్నిసార్లయినను ఒక మతపాఠశాల బాలురు వేఱొక మతపాఠశాలకు పోయి, బావరి శిష్యులవలె ప్రశ్నలడిగి, బదులు విని, కలిసి భోజనము చేసి, తిరిగివచ్చి తమ యుపాధ్యాయునకు చెప్పవలెను. మదరసా బాలుడు వేదపాఠశాలకును, వేదపాఠశాల బాలుడు మిషను పాఠశాలకును, మిషను పాఠశాల బాలుడు మదరసాకును పోయి, దారిలో ఒకదినము అందఱును ధూళికట్ట స్తూపముకడ కలిసికొన్నచో, అది యెన్ని ప్రసంగములకు సమానము!

1986లో సుప్రీము కోర్టువారి ముందు కేరళదేశపు ముగ్గురు పిల్లల వ్యాజ్యెము వచ్చినది. తమ మతవిశ్వాసము కారణముగా వారు జాతీయగీతమునకు మర్యాదగా లేచి నిలుచుచుండిరే గాని నోట పాడకుండిరి. అందులకు వారిని పాఠశాలనుండి వెళ్లగొట్టిరి. వారిని తిరిగి చేర్చుకొనుడని కోర్టువారు తీర్పు చెప్పిరి. పౌరధర్మము అందఱి నోటను ఒకే పాట పలికించుటలో లేదు. పాడనివానికిని ప్రక్కన చోటుంచుటలో కలదు. ఆ చోటును తీర్పు చూపగలదు గాని, ప్రక్కవాడు కొంచెము జరిగి యిచ్చుటను నేర్పవలసినది పాఠశాలయే.

ఆనాటి బాలుడు ఇప్పటికి పెద్దవాడై యుండును. వాని పేరుకూడ మేమడుగలేదు. "వారు మావారు కారండీ" అన్నప్పుడు మేము నవ్వక, "నాయనా, నిజమే చెప్పితివి. వారు నీవారగునట్లు మేము చేయలేదు; తప్పు మాది. రేపు నీ ప్రశ్న యొకటి తీసికొని వారి పాఠశాలకు పోయి అడిగి రమ్ము; వారు చెప్పినది మాకును వచ్చి చెప్పుము" అనియుండవలసినది. రెండువేల యేండ్లకు పూర్వమే ఈ గోదావరి యొడ్డున నొక ముసలి యుపాధ్యాయుడు పదియాఱుగురితో అన్నమాట అది. పాఠశాలలను నడుపు పెద్దలారా, మీ యెదుట లేచి నిలుచు బాలునికి ఆ మాట చెప్పుడు. మావలె నవ్వి పంపివేయకుడు.